జాబితాలో మొదటి వస్తువు

ఫిబ్రవరి 3

ఒరేయ్ తమ్ముడూ,

బాగున్నావా అని అడగను. బాగోలేవని లోకమంతా చెప్పుకున్నాక నాకు తెలిసింది. అదీ ఎవరి నోట? మీ పక్క కొట్లో తాళాలు బాగుచేసే ఆయన తన అత్తగారిని చూడ్డానికి మా ఆసుపత్రికి వచ్చాడు. బట్టల గది ముందు నన్ను చూసి, "అయ్యో పాపం, మీ తమ్ముడు దివాలా పిటిషను పెట్టాడటగా" అన్నాడు. నా చేతుల్లో ఉతికొచ్చిన దుప్పట్లున్నాయి. లెక్క తప్పాను. పాతికేళ్ళ ఉద్యోగంలో దుప్పట్ల లెక్క తప్పడం అదే మొదలు. మొహాన నవ్వు పులుముకుని "అవునండీ, నాకు ముందే తెలుసు" అని అబద్ధమాడాను. తోడబుట్టినదానికి ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు పెగల్లేదా?

ఫోను ఎత్తడం ఎప్పుడో మానేశావు. ఎత్తినా నేను గొంతు పెంచగానే పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక ఏం చేస్తావో చూస్తాను.

ఎందుకు మునిగావో నాకెవరూ చెప్పక్కర్లేదు. కాగితాలు మడిచే ఆ మాయదారి మడతల మిషను! కంపెనీలకి డైరీలు చేసి పెడతానని అప్పు చేసి తెచ్చావు. "ఇప్పుడు డైరీలు ఎవరు రాస్తున్నార్రా" అంటే "నీకేం తెలుసు, నువ్వు దుప్పట్లు లెక్కపెట్టుకో" అన్నావు. ఇన్నాళ్ళూ అవే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నువ్వేం లెక్కపెట్టావో ఇప్పుడు చెప్పు.

ఆ మడతల మిషను పోతే పోనీ. వ్యాను పోనీ. కుర్చీలూ బల్లలూ పట్టుకుపోనీ. నాన్న కటింగ్ మిషను మీద మాత్రం పరాయివాడు చెయ్యి వేస్తే ఊరుకోను. బైండింగ్ షాపు అని బోర్డు పెట్టుకున్నావు గానీ, ఆ షాపంటే ఆ మిషనే. ఐదొందల కాగితాలు ఒక్క వేటుకి కోసే ఆ బ్లేడు కిందే మనిద్దరం పెరిగాం. నా పదో ఏడు నుంచి పెళ్ళయ్యేదాకా దాని చక్రం తిప్పింది నేను. నువ్వప్పుడు కింద రాలిన ముక్కలు ఏరుకుని టోపీలు చేసుకునేవాడివి. ఆ మిషను పోయిన రోజున నువ్వేం చేసి బతుకుతావు? యాభై రెండేళ్ళవాడికి పని ఎవడిస్తాడు?

మీ బావ లారీల షెడ్డులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కాలు సరిగ్గా లేకపోయినా ఆ మనిషి మాట అక్కడింకా చెల్లుతుంది. మిగతాది నేను చూసుకుంటాను. నువ్వు నోరు మూసుకుని కూర్చో, అంతకంటే సాయం నాకక్కర్లేదు.

కోపం తగ్గని
అక్క


ఫిబ్రవరి 8

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి ఒళ్ళు మండింది. మూడోసారి ఆ లారీ ముక్క దగ్గర గుండె గుభేలుమంది. నీకు దణ్ణం పెడతాను, లారీ వేసుకుని రాకు.

దివాలా అంటే నువ్వనుకుంటున్నట్టు మనిషిని నడిబజార్లో గుడ్డలూడదీసి నిలబెట్టడం కాదు. మనిషి మళ్ళీ బతకాలి కదా అని కొన్ని వస్తువులు వాడికే వదిలేయమని చట్టంలోనే రాసి ఉంది. కట్టుకునే బట్టలు, పక్కలు, వంటగిన్నెలు, కళ్ళద్దాలు, మందులు. వీటితోపాటు వాడి వృత్తి పనిముట్లు, ఒక హద్దు దాకా. దివాలా ఆఫీసులో ఒక ఆఫీసరమ్మ ఉంది. వయసులో నాకంటే బాగా చిన్నది, నవ్వడం అనే అలవాటు లేదు. ఆవిడ నాకో అచ్చు కాగితం ఇచ్చి, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ రాయమంది, ఏది ఉంచుకుంటాను, ఏది ఇచ్చేస్తాను అని రెండు వరసల్లో. ఉంచుకునే వాటిలో నేను రాసిన మొదటి వస్తువు నాన్న కటింగ్ మిషనే. తరవాత కుట్టు సూదులు, పుస్తకాలు నొక్కిపెట్టే చట్రం, జిగురు గిన్నె. మీ మరదలు ఆ జాబితా చదివి "మొగుణ్ణి ఏ వరసలో రాశారు, ఉంచుకునేదాంట్లోనా ఇచ్చేసేదాంట్లోనా" అంది. ఆ ఒక్క రోజే ఇంట్లో నవ్వు వినబడింది.

చివర కొన్ని ప్రశ్నలుంటాయి. ఏమైనా దాచారా, ఇతరుల సొత్తు మీ దగ్గర ఉందా అని. "లేదు", "లేదు" అని రాసి ప్రమాణం చేసి సంతకం పెట్టాను. పద్నాలుగు పేజీలయ్యాయి. అన్నీ కలిపి కుట్టి, అట్టవేసి, వెనక గుడ్డ అంటించి ఇచ్చాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పిన్ను కొడితే చాలదా?" అంది. మనకి పిన్ను కొట్టడం చేతనవుతుందా అక్కా?

పదహారో తారీఖున ఆవిడ ఇంటికొచ్చి చూస్తుంది. ఏ వస్తువు ఎక్కడుందని రాశానో అక్కడ ఉండాలి. అంతే. మిషను ఎక్కడికీ పోదు. నీకు ముందుగా ఎందుకు చెప్పలేదంటావా, ఇదిగో ఇందుకే. నీకు చెబితే నువ్వు వినవు, లారీ మాట్లాడతావు.

నీ
తమ్ముడు


ఫిబ్రవరి 11

ఒరేయ్,

పని అయిపోయింది. గుండెల మీద చెయ్యేసుకుని పడుకో.

నిన్న పొద్దున నువ్వు కోర్టుకి వెళ్ళిన గంటకి వచ్చాం. మీ ఆవిడ తలుపు తీసి బిక్కమొహం వేసింది. "వాడే తీసుకెళ్ళమన్నాడు" అన్నాను. నా మాటకి ఎదురుచెప్పే అలవాటు ఆ పిల్లకి లేదు, నీకే ఉంది. కింద నాలుగు బోల్టులూ నేనే విప్పాను. ఆరుగురు మనుషులూ రెండు గొలుసులూ ఉన్నా, ఎటు వైపు బరువెక్కువో, ఏ వైపు పట్టుకుంటే బ్లేడు జారదో వాళ్ళకి నేనే చెప్పాల్సొచ్చింది. మీ బావ కుంటుకుంటూ వెనకే తిరిగి అందరినీ తిట్టాడు. ఇప్పుడది మా వరండాలో ఉంది, పైన ఆసుపత్రిలో కొట్టేసిన పాత దుప్పటి కప్పాను. వర్షం పడదు, ఎండ తగలదు.

మేం దించుతుంటే నీ ఉత్తరం వచ్చింది. చేతుల నిండా నూనె, విప్పలేదు. ఏముంటుంది, ఏడుపేగా. తీరిగ్గా చదువుతాను.

ఆ ఆఫీసు వాళ్ళు అడిగితే మిషనూ లేదు గిషనూ లేదు, ఎప్పుడో అమ్మేశాను అని చెప్పు. నీళ్ళు నమలకుండా చెప్పు. నీకు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి, టోపీ పెట్టుకో.

థాంక్స్ చెప్పక్కర్లేదు. చెప్పవని నాకు తెలుసు.

అక్క


ఫిబ్రవరి 17

అక్కగారికి,

మీరు చేసిన ఉపకారానికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నా కొంప నేను సగమే ముంచుకున్నాను. మిగతా సగం మీరు లారీ వేసుకొచ్చి మరీ ముంచారు. పదహారులోపు వెనక్కి తెద్దామని లారీల వాళ్ళ చుట్టూ తిరిగాను, దివాలా తీసినవాడికి అరువు మీద ఎవడూ రానన్నాడు.

నిన్న ఆఫీసరమ్మ వచ్చింది. పైన రెండు గదులూ చూసింది. గిన్నెలు చూసింది. బీరువా తెరిచి బట్టలు చూసి మూసింది. తరవాత కింద షాపులోకి దిగి, నేను అట్టవేసి ఇచ్చిన ఆ జాబితా తెరిచి, "మొదటి వస్తువు" అంది. నేల మీద నాలుగు బోల్టు రంధ్రాలు, వాటి చుట్టూ నూనె మరక. ఆవిడ ఆ మరక వైపు చూసింది. నా వైపు చూసింది. "ఎక్కడుంది?" అంది. నేను టోపీ పెట్టుకోలేదు. "మా అక్క తీసుకెళ్ళింది" అన్నాను. "ఎందుకు?" అంది. "కాపాడదామని" అన్నాను. "ఎవరి నుంచి?" అంది. "మీ నుంచి" అన్నాను.

ఆవిడ కూర్చుని రాసుకుంది. పిటిషను పెట్టాక వస్తువులు బయటికి తరలించడం అంటే దాచడం కిందే లెక్కట. దాచినవాడికి అప్పుల నుంచి విడుదల ఉండదట. పైగా షాపులో లేని మిషను పనిముట్టు ఎలా అవుతుందని అడిగింది. నేను నోరెత్తకుండా ఇంట్లో కూర్చుంటే ఆ మిషను నాదయ్యేది. మీరు కాపాడారు కాబట్టి పోతోంది.

నా ఉత్తరం విప్పారా? విప్పితే సిగ్గుపడండి. విప్పకపోతే విప్పి సిగ్గుపడండి. మీ మరదలు నిన్నటి నుంచీ నాతో మాట్లాడటం లేదు, తలుపు తీసిన పాపం తనదే అని తిండి మానేసింది. వారంలో మిషను వెనక్కి రావాలి. వచ్చాక మీరు ఈ గుమ్మం తొక్కనక్కర్లేదు.

ఇట్లు
దివాలా తీసిన మీ తమ్ముడు


ఫిబ్రవరి 22

"మీరు" అంటావుట్రా? నీ ముక్కు తుడిచిన చెయ్యిరా ఇది!

నీ రెండు ఉత్తరాలూ చదివాను. మొదటిది ముందే చదవాల్సింది, ఒప్పుకుంటున్నాను. ఇక్కడిదాకే నా తప్పు. కోర్టు మెట్లెక్కే ముందు అక్కకి చెబితే ఇదంతా జరిగేదా? నీ కాగితాల్లో ఏముందో, ఏ తారీఖున ఎవరొస్తారో నాకు కలలో కనిపిస్తుందా? దొంగని చూసినట్టు చూస్తున్నావు. గుమ్మం తొక్కవద్దంటున్నావు. అది నాన్న అద్దెకి తీసుకున్న గుమ్మం, నువ్వు పుట్టకముందు నుంచీ తొక్కుతున్నాను.

కడుపులో ఉన్నది ఇవాళ కక్కేస్తాను. నాన్న నాకేమిచ్చాడు? ఏడేళ్ళు చక్రం తిప్పించుకున్నాడు. ఎడమ చేతి చూపుడు వేలి కొస ఆ బ్లేడు కింద వదిలాను. పెళ్ళి చేసి పంపించాడు. షాపు నీకు, మిషను నీకు, గిరాకీ నీకు, గోడ మీద గడియారం కూడా నీకే. నేను నోరెత్తానా? నాన్న పోయి పాతికేళ్ళయింది, ఒక్కసారైనా అడిగానా? ఆ మిషను వరండాలోకి దిగిన రోజున నేను దాని పక్కన స్టూలు వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. మీ బావ "పిచ్చెక్కిందా" అన్నాడు. ఎక్కింది.

ఊరికే ఉంటే తుప్పు పడుతుందని బ్లేడు శుభ్రం చేసి, రక్తపరీక్షల గదిలో చినిగిన రిజిస్టరు ఒకటి తెచ్చి అంచులు కోశాను. చెయ్యి మర్చిపోలేదు.

మా ఆసుపత్రిలో జీతాల గుమాస్తా ఉన్నాడు, చట్టాలన్నీ తెలిసినవాడు. ఆయన్ని అడిగాను. దివాలా తీసినవాడి వస్తువు తీసుకుంటారు గానీ, ఇంకొకరి వస్తువు ముట్టుకోరు అన్నాడు. అందుకని మీ ఆఫీసరమ్మకి నేనే రిజిస్టర్డ్ ఉత్తరం రాసి పడేశాను. ఆ మిషను నాది, నాన్న నాకు నోటిమాటగా ఇచ్చాడు, తమ్ముడు వాడుకోవడానికి ఉంచానంతే అని. ఇప్పుడెవడు ముట్టుకుంటాడో చూస్తాను.

నువ్వు రాసినట్టే నేనూ రాస్తాను.

ఇట్లు
నువ్వు గుమ్మం తొక్కవద్దన్న అక్క


మార్చి 4

అక్కా,

ఇది నాలుగోసారి మొదలుపెట్టడం. మూడు చింపేశాను.

నీ ఉత్తరం ఆఫీసరమ్మ నా ముందు బల్ల మీద పెట్టింది. పక్కన నా జాబితా పెట్టింది. "ఈ మిషను మీదని మీరు ప్రమాణం చేశారు. మీ అక్క తనదంటోంది. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నారు?" అంది. నాకు నిన్ను నమిలి మింగాలన్నంత కోపం వచ్చింది. నువ్వు గొయ్యి తవ్వావు, పూడుస్తానని ఇంకా లోతుగా తవ్వావు. మిషను నీదైతే నేను తప్పుడు ప్రమాణం చేసినవాణ్ణి, విడుదల లేదు. నాదైతే ఇంకో చిక్కు. పాత మిషన్ల వ్యాపారి ఒకాయన ఫోటో చూసి ధర కట్టాడు. నేను పాత ఇనుము అనుకున్నాను. అలాంటివి ఇప్పుడు తయారవడం లేదట, ఎగబడి కొంటారట. పనిముట్లకి చట్టం వదిలే హద్దుకి అది దాదాపు రెట్టింపు. కాబట్టి వేలం వేసి, హద్దు మేరకు డబ్బు నా చేతిలో పెట్టి, మిగతాది అప్పులవాళ్ళకి పంచుతారు. డబ్బు పెట్టి కాగితాలు కొయ్యగలనా?

"మీదా, ఆవిడదా?" అని మళ్ళీ అడిగింది. రెండు వారాల గడువిచ్చింది.

మూడు కాగితాలూ చింపింది ఇక్కడే. తిట్టుకుంటూనే చదువు.

ఆ మిషను నీదీ కాదు, నాదీ కాదు. ఇద్దరిదీ. నాన్న పోయే ముందు నెలలో ఒక కాగితం రాశాడు. "కటింగ్ మిషను పిల్లలిద్దరిదీ, చెరిసగం" అని రాసి, సంతకం పెట్టి, తారీఖు వేసి నాకిచ్చాడు. "అక్క వచ్చినప్పుడు చూపించు" అన్నాడు. నువ్వు వచ్చావు. నేను చూపించలేదు. నాకప్పుడే కొత్తగా పెళ్ళయింది, షాపు నా మీద పడింది. నువ్వు సగం అడిగితే మిషను అమ్మాలి. ఇవాళ కాకపోతే రేపు చెబుదాం అనుకున్నాను. రేపు రేపు అంటూ పాతికేళ్ళు దాటించాను. చింపెయ్యడానికి చెయ్యి రాలేదు, నాన్న చేతిరాత. చూపించడానికి మనసు రాలేదు. నాన్న ఆర్డర్ల పుస్తకం ఉంది కదా, దాని అట్ట లోపల పెట్టి, పైన అట్ట లోపలివైపు వేసే కాగితం అంటించేశాను. నేను తప్ప ఎవరూ కనిపెట్టలేరు. ఆ పని బాగా నేర్పాడు కదా మనకి.

ఇతరుల సొత్తు మీ దగ్గర ఉందా అన్నచోట "లేదు" అని రాసినప్పుడు ఆ పుస్తకం నా ఎదుట అలమారలోనే ఉంది.

సగమే నాదైతే నా సగం హద్దు లోపలే వస్తుంది. మిషను దక్కుతుంది. పద్దెనిమిదో తారీఖున మనిద్దరినీ పిలిచింది. ఆ అట్ట కోసి కాగితం చూపిస్తాను.

తమ్ముడు


మార్చి 8

నిజం నీకు లాభమైన రోజున చెప్పావు. వేలం మాట రాకపోతే చచ్చేదాకా చెప్పేవాడివి కాదు. ఇది రాస్తుంటే నా కళ్ళు కనబడటం లేదు, కోపంతో.

నాన్న చనిపోయిన ఏడాదే మీ బావ కాలు విరిగింది గుర్తుందా? ఎలా ఉంటుందిలే. ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నాడు. నేను ఆసుపత్రిలో చేరింది బట్టల గదిలో కాదురా, ఉతికే షెడ్డులో. రక్తం మరకలు, చీము మరకలు చేత్తో రుద్దాను. రెండేళ్ళు నా చేతులకి చర్మం లేదు. అప్పుడు నువ్వొచ్చి చూసి "అయ్యో అక్కా" అని కళ్ళు తుడుచుకున్నావు. నా కాగితం అట్టలో అంటించి వచ్చి కళ్ళు తుడుచుకున్నావు!

ఇన్నేళ్ళూ నాన్న నన్ను మరిచిపోయాడని అనుకున్నానురా. ఆయన్ని ఎన్ని తిట్టుకున్నానో నీకు తెలీదు. మిషను సంగతి అటుంచు. ఆ తిట్లు ఎలా వెనక్కి తీసుకోను?

పద్దెనిమిదిన వస్తాను. నన్ను పలకరించకు.


మార్చి 19

అక్కా,

పలకరించలేదు. నువ్వన్నట్టే ఎదురు బెంచీ మీద కూర్చుని నేల చూశాను.

నువ్వక్కడే ఉన్నావు, అన్నీ చూశావు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే చూసి నువ్వేమనుకున్నావో నాకు తెలీదు. అట్ట కొయ్యడానికి ఆఫీసులో కత్తి దొరకలేదు, ఆవిడ పండు కోసుకునే చాకు ఇచ్చింది. పక్కకి కోశాను. ముప్పై ఏళ్ళుగా కోస్తున్నవాణ్ణి, అంత వంకరగా ఎప్పుడూ కొయ్యలేదు. కాగితం తీసి ఆవిడకిచ్చాను. ఆవిడ చదివి నీకిచ్చింది. నువ్వు చాలాసేపు చదివావు. రెండే లైన్లున్నాయి అందులో. మడిచి నీ సంచిలో పెట్టుకున్నావు. "అది ఫైల్లో ఉండాలి" అని ఆవిడ అంటే, "నకలు తీసుకోండి, ఇది మా నాన్న నాకు రాసింది" అన్నావు. ఆవిడ నకలు తీయించింది. ఆవిడ తగ్గడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తప్పుడు ప్రమాణానికి నాకు శిక్ష వేసింది. పిటిషను కొట్టెయ్యలేదు గానీ, అప్పుల నుంచి విడుదల ఏడాది వెనక్కి జరిపింది. ఆ ఏడాదంతా నెలనెలా వెళ్ళి సంతకం పెట్టాలి. తక్కువే వేసింది.

తరవాత నిన్నడిగింది. "మీ సగం మీకు కావాలంటే మిషను అమ్మి ఇప్పిస్తాం. అక్కర్లేదంటే ఉమ్మడిగా ఉంచుకోవచ్చు. ఏమంటారు?" అని. నువ్వు "వారం టైం ఇవ్వండి" అన్నావు. తరవాత లేచి ఆవిడ చెవి దగ్గర ఏదో అడిగావు, ఆవిడేదో చెప్పింది, నువ్వు వెనక తలుపు నుంచి వెళ్ళిపోయావు.

ఏమడిగావు? అమ్మేస్తావా? అమ్మే హక్కు నీకుంది, కాదనను. కానీ నా గతి ఆలోచించు. షాపు అద్దె కట్టలేక కింద గదులు ఖాళీ చేశాను. చట్రం, సూదులు మంచం కింద ఉన్నాయి. నాకు వేరే పని రాదు. నీకు నా మీద ఎంత కోపముందో చెప్పు, తిట్టు, కొట్టు. ఏదో ఒకటి చెప్పు గానీ ఇలా వారం రోజులు నన్ను నిప్పుల మీద కూర్చోబెట్టకు. నాకూ కోపం వస్తోంది. తప్పు చేసినవాడికి రాకూడదా?

తమ్ముడు


మార్చి 24

ఒరేయ్,

కోపం రావచ్చు. వస్తే నీ దగ్గరే ఉంచుకో.

అమ్మను. పంపించను కూడా.

అర్థం కాలేదా? మిషను నా వరండాలోంచి కదలదు. రక్తపరీక్షల గది రిజిస్టరు కోశానని రాశాను కదా. అది చూసి ఎక్స్‌రే వాళ్ళు రెండు తెచ్చారు. మందుల స్టోరు వాళ్ళు ఆరు తెచ్చారు. నిన్నటికి ముప్పై ఒకటి అంచులు కోసి, అట్టలు అంటించి ఇచ్చాను. పక్క వీధిలో బడి లైబ్రరీ చూసుకునే పంతులమ్మ రెండు పెట్టెల నిండా చినిగిన పుస్తకాలు దింపి వెళ్ళింది. జూన్‌లో నా ఉద్యోగం అయిపోతుంది, ఆ తరవాత గోడలు చూస్తూ కూర్చోవాలని పోయినేడాది నుంచీ భయపడుతున్నాను. ఇప్పుడు భయం లేదు. యాభై ఎనిమిదేళ్ళకి నాకో వృత్తి ఉందని తెలిసింది. పాతికేళ్ళ కింద తెలియాల్సింది. నువ్వు తెలియనివ్వలేదు.

ఆ రోజు ఆవిడ చెవిలో ఏమడిగానంటే, "మిషను మా ఇంట్లోనే ఉంటే మా తమ్ముడి సగం పోతుందా?" అని. "అతను దాని మీద పని చేస్తున్నంత కాలం అది పనిముట్టే, ఎవరింట్లో ఉన్నా. పని మానేస్తే అది వట్టి ఆస్తి, మేం తీసుకుంటాం" అంది. నిన్న వెళ్ళి ఉమ్మడిగానే ఉంచుతున్నామని సంతకం పెట్టి వచ్చాను. ఇక నీ ఇష్టం. నీ సగం దక్కాలంటే అది ఉన్నచోటికి వచ్చి పని చెయ్యి. బస్సులో రెండు గంటల ప్రయాణం. రాకపోతే నీ సగం వేలం, దాంతోపాటు నా సగం కూడా పోతుంది. నన్ను రెండోసారి ముంచుతావో లేదో చూస్తాను.

నాకు కొయ్యడం వచ్చు, కుట్టడం రాదు. నాన్న నాకు కోత నేర్పాడు, కుట్టు నీకు నేర్పాడు. నేను కుట్టిన పుస్తకం తెరిస్తే పేజీలు చేతికొస్తున్నాయి. పంతులమ్మ పుస్తకాలు అలాగే పడున్నాయి.

అయితే ఒకటి. వరండా నాది, గిరాకీ నాది. షాపు నాది. నువ్వు పనివాడివి. "నీకేం తెలుసు" అనే మాట నీ నోట్లోంచి ఇంకోసారి వచ్చిందంటే అదే బస్సెక్కిస్తాను. నిన్ను క్షమించానని ఎవరికీ చెప్పుకోకు. క్షమించలేదు. ఎప్పుడు క్షమిస్తానో నాకే తెలీదు. పెద్ద పుస్తకాలు ముందు కుట్టాలి.

అక్క


మార్చి 27

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలికి పైకి చదివి వినిపించాను. "పనివాడివి" అన్న దగ్గర తను మళ్ళీ చదవమంది. రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా అడిగింది, చదవలేదు.

ఒళ్ళు మండింది అక్కా. అబద్ధం చెప్పను. రాత్రంతా నిద్ర పట్టలేదు. షాపు ముందు నా పేరున్న బోర్డు నేనే దించాను, అది చాలదా, ఇంకా నీ వరండాలో నీ చేతికింద స్టూలు మీద కూర్చోవాలా అని గింజుకున్నాను. తెల్లారాక లేచి మంచం కిందున్న సూదులూ చట్రమూ బయటికి తీసి తుడిచాను.

సోమవారం మొదటి బస్సుకి వస్తున్నాను. జీతం ఎంతో నువ్వే చెప్పు. నీతో బేరమాడే మొహం నాకు లేదు.

తమ్ముడు